వదిన చూసుకున్న అరవై నెలలు

“ఇన్నేళ్లూ నేను చేసింది పనే కాదంటారేమో మరదలా.”

ఆ మాట అంటున్నప్పుడు వదిన చేతిలో పాప పాలసీసా ఉంది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, ఎన్ని గీతల మేర ఖాళీ అయిందో చూస్తోంది. నూట పది, అని తనలో తాను అనుకుని మళ్లీ కంప్యూటర్ తెర వైపు తిరిగింది. తెర మీద ఒక దరఖాస్తు, అందులో తొమ్మిది పెట్టెలు. తొమ్మిదీ ఖాళీ.

మరదలు నవ్వేసింది. ఇరవై ఏళ్లుగా పొద్దున ఏడింటికి వెళ్లి దీపాలు పెట్టాక వచ్చే మనిషిని పట్టుకుని, నువ్వు పని చేయలేదని ఎవరంటారని ఆమె ధీమా. ఆ తరవాతి మూడు నెలల్లో తన నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తన నెత్తిన తానే మొట్టుకోవాలనిపించింది.

వదిన అంటే మరదలి భర్తకు అక్క. నలభై నాలుగేళ్లు. అదే ఇంట్లో వెనక గది ఆమెది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, “ప్రస్తుతం సైట్ ఖాళీ లేదు” అని నోరు మూయించేది. ప్రయోగశాలలను ఒక భవనంలోంచి ఇంకో భవనంలోకి తరలించే కంపెనీలో ఉద్యోగం. అదేముంది, ఇల్లు మారడం లాంటిదే కదా అన్నవాళ్లకు మొదట్లో ఓపిగ్గా చెప్పేదట: ఇల్లు మారేటప్పుడు బీరువాలో బట్టలు రెండు గంటలు ఎండలో ఉంటే చచ్చిపోవు. ల్యాబులో అలా కాదు. రక్తపు నమూనాలుంటాయి, సున్నాకు ఎనభై డిగ్రీలు దిగువన నడిచే ఫ్రీజర్లుంటాయి, పక్కన మనిషి తుమ్మితే లెక్క తప్పే తూకాలుంటాయి. ఇవన్నీ ఒక్క రోజు కూడా పరీక్షలు ఆగకుండా మారాలి.

సైట్ల మీద ఆమెను టేపక్క అంటారు. చేతిసంచిలో ఎప్పుడూ అయిదు మీటర్ల కొలత టేపు ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్రీజరు లిఫ్టు గుమ్మంలో ఇరుక్కుపోయి పూట గడిచినా కదలలేదట. ఆనాటి నుంచీ ఆమె ఏ గుమ్మాన్నీ నమ్మదు. మరదలి పుట్టింటికి మొదటిసారి వెళ్లినప్పుడు కూడా మాటల మధ్యలో లేచి వీధి గుమ్మం కొలిచింది. “మా అమ్మాయి ఇందులోంచి పడుతుందిలెండి” అని మరదలి తండ్రి అన్న మాట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఇన్ని చేసినా ఆఫీసు రికార్డులో ఆమె హోదా కోఆర్డినేటరే. ఎవరూ మార్చలేదు, ఆమె అడగలేదు. పని నడుస్తోంది కదా అనుకుంది. అయితే ఈసారి ఒక పెద్ద ఆసుపత్రి తన ల్యాబు మొత్తాన్ని కొత్త భవనంలోకి మార్చే పని కంపెనీకి ఇస్తూ ఒక షరతు పెట్టింది. ఇన్‌ఛార్జిగా ఎవరి పేరు రాస్తారో వాళ్లకు ప్రాజెక్ట్ మేనేజర్ సర్టిఫికెట్ ఉండాలి, లేదా దానికి పెట్టే పరీక్ష రాయడానికి అర్హత ఉందని, సర్టిఫికెట్లిచ్చే సంస్థ ఇచ్చిన కాగితమైనా ఉండాలి. కంపెనీ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన వదినను పిలిచి, మూడు నెలల్లో ఆ కాగితం తెచ్చుకో, పేరు నీదే రాస్తానన్నాడు. తేలేకపోతే టైకి ఇవ్వక తప్పదన్నాడు.

టై అంటే ఆఫీసులో ఆరేళ్ల కిందట చేరిన కుర్రాడు. ఎండలో సైటు మీద కూడా టై కట్టుకుని తిరిగితే ఆ పేరు స్థిరపడింది. మంచివాడే. టేపు చివర గోడకు ఎలా ఆనించాలో దగ్గర నుంచి అన్నీ వదిన దగ్గరే నేర్చుకున్నాడు. డిగ్రీ ఉన్నవాడు కాబట్టి ముప్పై ఆరు నెలల అనుభవం చూపించి అర్హత తెచ్చుకుని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ పటం కట్టించుకున్నాడు. వదినది డిప్లొమా. డిప్లొమా వాళ్లకు అరవై నెలలు కావాలి.

అరవై నెలలంటే అయిదేళ్లు. ఇరవై ఏళ్లు చేసిన మనిషికి అయిదేళ్లు ఒక లెక్కా అనుకున్నారు ఇంట్లో అందరూ. అప్పుడు మరదలు నియమాలు చదవడం మొదలుపెట్టింది. ఆమెది రసాయనశాస్త్రం. నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తూ, పాప పుట్టాక సెలవులో ఉంది. పాపకు ఎనిమిది నెలలు. పాప దగ్గినా, తుమ్మినా, మామూలు కన్నా పది నిమిషాలు ఎక్కువ పడుకున్నా నోటుపుస్తకంలో టైముతో సహా రాసిపెట్టే తల్లి ఆమె. అలాంటి మనిషి చేతికి నియమాల పుస్తకం దొరికితే ఏ మూలా వదలదు.

దరఖాస్తు పెట్టిన రోజు నుంచి వెనక్కి ఎనిమిదేళ్లలో చేసిన పనే లెక్కలోకి వస్తుంది. అంటే వదిన ఇరవై ఏళ్లలో మొదటి పన్నెండు గాలికి పోయాయి. ఏటా జరిగే మరమ్మతులు, తనిఖీలు ప్రాజెక్టులు కావు, అవీ పోయాయి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఒక్క నెలే.

“రెండు చోట్లా నిలబడింది ఇవే కాళ్లు కదా,” అంది వదిన తన పాదాల వైపు చూసుకుంటూ. “ఒక కాలికే ఇస్తారా మార్కులు?”

మరదలు గళ్ల కాగితం ఒకటి తీసి దాని మీద నెలకొక గడి చొప్పున తొంభై ఆరు గళ్లు గీసింది. ఎనిమిదేళ్లన్నమాట. తొమ్మిది ప్రాజెక్టుల తేదీలు వదిన పాత డైరీల్లోంచి తవ్వి తీసి, చేసిన నెలలకు ఆకుపచ్చ రంగు వేసింది. రంగు పడ్డవి అరవై ఆరు. మిగతా ముప్పై తెల్లగా ఉన్నాయి. అందులో పద్నాలుగు మరమ్మతులవి, తొమ్మిది ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఖాళీగా పోయినవి, ఏడు సెలవు నెలలు. ఆరు నెలలు మిగులు. కాగితాన్ని గోడకు అంటించారు. తమ్ముడు దాన్ని చూసి, “అక్కా, నీ జీవితం పదాల పజిల్‌లా ఉందే,” అన్నాడు. నిలువు ఒకటి ఏంటో చెప్పుకో చూద్దాం అంది వదిన.

ముప్పై అయిదు గంటల తరగతులకు వెళ్లాలన్నది ఇంకో నియమం. వరసగా ఏడు రోజులు వెళ్లొచ్చింది. అక్కడ చెప్పినవన్నీ తను చేసేవే, పేర్లే కొత్తవి అని నవ్వింది. ఎవరెవరికి ముందుగా చెప్పకపోతే వచ్చి గొడవ పెట్టుకుంటారో ప్రతి సైటుకూ ఆమె ఒక జాబితా రాసుకుంటుంది. వాళ్లను స్టేక్‌హోల్డర్లు అంటారని అక్కడే తెలిసింది. “ఆ జాబితాకి నేను ‘గోలవాళ్లు’ అని పేరు పెట్టుకున్నా. రెండూ ఒకటే,” అంది.

అన్నీ సిద్ధమయ్యాక మిగిలింది ఆ తొమ్మిది పెట్టెలు నింపడం. ప్రతి పెట్టెలోనూ ఒక ప్రాజెక్టు గురించి, అందులో మీరేం చేశారో ఇంగ్లీషులో రాయాలి. వదిన చెప్పడం, మరదలు రాయడం అని ఒప్పందం. ఒడిలో పాప, ఒక చేత్తో కీబోర్డు. వదిన ఒక్కొక్క పని గురించి ఏడెనిమిది వాక్యాలు చెప్పేది, చివర్లో ఒకే మాట అనేది: అదంతా నేనే చూసుకున్నాను. కాలేజీ ల్యాబు నేనే చూసుకున్నాను. రక్త పరీక్షల ల్యాబు తొమ్మిది నెలలు నేనే చూసుకున్నాను. మరదలు ‘లుక్డ్ ఆఫ్టర్’ అని కొడుతూ పోయింది. మిగతా వాక్యాలు తను చదువుకున్న పద్ధతిలో రాసింది. ప్రయోగం రికార్డులో ‘ద్రావణాన్ని నేను వేడి చేశాను’ అని రాస్తే లెక్చరర్ ఎర్ర ఇంకుతో కొట్టేసేవాడు. ద్రావణం వేడి చేయబడింది, అంతే. అలాగే నమూనాలు తరలించబడ్డాయి, ఫ్రీజర్లు అమర్చబడ్డాయి, పని పూర్తి చేయబడింది. ఎవరు చేశారో ఎక్కడా లేదు. చక్కగా కుదిరిందనుకుని పంపేసింది.

అయిదో రోజున జవాబు వచ్చింది. దరఖాస్తుదారు పాత్ర సంరక్షణకూ సహాయానికీ పరిమితమైనట్టు కనిపిస్తోంది, ప్రాజెక్టుకు నాయకత్వం వహించి నడిపించినట్టు ఆధారం లేదు, ఈ అనుభవం లెక్కలోకి రాదు అని దాని సారాంశం. అందులో ఒకచోట ‘కేర్‌టేకర్’ అన్న మాట ఉంది.

వదిన ఆ మాట దగ్గర ఆగింది. “కేర్‌టేకర్ అంటే వాచ్‌మన్ కదూ,” అంది. ఆ తరవాత ఆ పూటంతా పాపను ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరిగింది.

మరదలు తను పంపిన దరఖాస్తు మళ్లీ తెరిచి చూసింది. తప్పు వదినది కాదు, తనది. తొమ్మిదిసార్లు అదే మాట, తన వేళ్లతోనే. ఎదుటి మనిషి ఇరవై ఏళ్ల కష్టాన్ని ఒక పదంలో పెట్టి అవతలికి పంపేముందు ఒక్కసారైనా ఆలోచించని తనకు, పాప జ్వరాన్ని దశాంశ స్థానంతో సహా రాసుకోవడం ఎందుకని తన మీద తనకే ఒళ్లు మండింది. భర్త ఓదార్చబోయి, “అక్క ఏమీ అనుకోదులే,” అన్నాడు. అనుకుంటే బావుండేది. నాలుగు తిడితే ఇద్దరికీ తేలికయ్యేది.

మర్నాడు పొద్దున్నే పాపకు స్నానం చేయించగానే మరదలు మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. వదినా, చూసుకున్నాను అంటే ఏం చేశారో ఒక్కొక్కటీ చెప్పండి అంది. వదినకు చిర్రెత్తుకొచ్చింది.

“చూసుకోవడమంటే చూసుకోవడమే. నీ కూతుర్ని నువ్వు చూసుకోవట్లేదూ? ఏం చేస్తున్నావో చెప్పు, విందాం.”

మరదలు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టబోయింది. పాలు, స్నానం, నిద్ర అని మొదలుపెడితే అది అరపేజీ కూడా రాదు. రోజంతా మాత్రం దానికే చాలడం లేదు. ఏ ఏడుపు ఆకలిదో ఏది నిద్రదో తేల్చేది తను. టీకా వాయిదా వేయాలా వద్దా నిర్ణయించేది తను. చలిగాలిలో బయటికి తీసుకెళతానన్న తన తండ్రిని వద్దని ఆపేది తను. వద్దని ఆపడం, అనుకోగానే ఆమెకు ఏదో తట్టింది. వదినా, మీరు ఎప్పుడైనా ఎవరినైనా ఆపారా అని అడిగింది.

ఆ ప్రశ్నతో వదిన గొంతు మారింది. రక్త పరీక్షల ల్యాబు తరలించే రోజున లారీ వచ్చి వాకిట్లో నిలబడింది, నమూనాల పెట్టెలు ఎక్కించడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. కొత్త భవనంలో జనరేటర్ పరీక్షించారా అని అడిగితే ఎలక్ట్రీషియన్ నీళ్లు నమిలాడు. ఆమె లారీని వెనక్కి పంపించేసింది. ల్యాబు హెడ్డు డాక్టరమ్మ వచ్చి మండిపడినా, రెండు రోజులు ఆగాల్సిందే అని కదలకుండా నిలబడింది. రెండో రోజు పరీక్షిస్తే జనరేటర్ నాలుగు నిమిషాలు నడిచి ఆగిపోయింది. పాత భవనం లిఫ్టు గుమ్మం ముందే కొలిచి, పెద్ద ఫ్రీజరు తలుపు విప్పితే తప్ప పట్టదని తేల్చిందీ ఆమే. ఏ యంత్రం ముందు ఆగాలో, ఏది ఆఖరున ఆగాలో పదహారు పేజీల వరస రాసిందీ ఆమే.

“ఇవన్నీ చెప్పలేదేం మొన్న?” అంది మరదలు.

“చూసుకున్నానని చెప్పాగా,” అంది వదిన.

నాలుగు పొద్దుటిపూటలు పట్టింది. కొలిచాను, వరస రాశాను, నిర్ణయించాను, మార్చాను, కాదన్నాను, ఆపాను. ఒక్కొక్క క్రియకు ముందు ‘నేను’ పెట్టుకుంటూ తొమ్మిది పెట్టెలూ మళ్లీ రాసింది మరదలు. అన్నిటికన్నా ‘ఆపాను’ అన్నది వదినకు భలే నచ్చింది. పాప నోట్లో పెట్టుకోబోయిన చెంచా లాక్కుని, “ఆపాను. రాసుకో మరదలా,” అనేది.

ఈసారి వారం తిరక్కుండానే, వివరాలు సరిపోయాయని జవాబు వచ్చింది. ఇంట్లో ఊపిరి పీల్చుకునేలోపు కింద ఇంకో పేరా కనిపించింది. ఈ దరఖాస్తు తనిఖీకి ఎంపికైంది. ఒక్కో ప్రాజెక్టుకూ, దాన్ని మీరే నడిపించారని తెలిసిన పై అధికారి గానీ, పని చేయించుకున్నవారు గానీ సంతకం చేయాలి.

ఏడు ప్రాజెక్టులకు పెద్దాయన ఒకేసారి కూర్చుని సంతకాలు పెట్టేశాడు. మిగిలినవి రెండు. రక్త పరీక్షల ల్యాబు, తొమ్మిది నెలలు. ఒక పాఠశాల సైన్స్ ల్యాబు, అయిదు నెలలు. ఆ రెండు పనులప్పుడు కంపెనీలో వదినకు పైన ఇంకో మేనేజర్ ఉండేవాడు కాబట్టి సంతకం ఆయనదే కావాలి. ఆయన ఇప్పుడు వేరే కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, దానిదేముందమ్మా, ఎప్పుడైనా రా, పెట్టేస్తాను అన్నాడు.

ఆ ‘ఎప్పుడైనా’ అన్నది రావడానికి ఏడు వారాలు పట్టింది. మొదటిసారి వెళితే మీటింగులో ఉన్నాడు. రెండోసారి కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానన్నాడు. మూడోసారి కాగితాలు అక్కడ వదిలి వెళ్లమన్నాడు, పది రోజులయ్యాక అడిగితే ఏ కాగితాలన్నాడు. ఈలోగా ఆఫీసులో వదినను కొత్త ప్రాజెక్టు మీద వేయలేదు. ఆ సర్టిఫికెట్ సంగతి తేలనీ, అప్పటిదాకా మరమ్మతులు చూడు అన్నారు. మరమ్మతులకు గడి రాదు. మరదలు గోడమీది కాగితానికి ముందు వైపు రెండు కొత్త గళ్లు గీసి, రంగు వేయకుండా వదిలేసింది.

నాలుగోసారి మరదలు తోడు వెళ్లింది, పాపను భుజాన వేసుకుని. పాత మేనేజర్ గది చల్లగా, విశాలంగా ఉంది. కుర్చీ వెనక గోడకు అదే సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ పటం కట్టి ఉంది. ఆయన పాపను పలకరించాడు, టీ తెప్పించాడు, కాగితం మొదటిసారి నిజంగా చదివాడు. చదువుతుంటే ముఖంలో రంగు మారింది. కాగితం బల్ల మీద పెట్టి, దాన్ని వేలితో కొంచెం అవతలికి జరిపాడు.

“ఈ రెండూ నా దరఖాస్తులో నేను రాసుకున్నానమ్మా. నడిపించింది నువ్వని ఇప్పుడు సంతకం పెడితే నాది ఏమవుతుంది? నువ్వు చూసుకున్నావు, కాదనను. ఎంత బాగా చూసుకున్నావో నాకు తెలుసు. కానీ చేసింది నేను కదా.”

మరదలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయింది, వదిన మోచేత్తో తాకి ఆపింది. వదిన తన కాగితాలు సర్దుకుని, గ్లాసులో టీ పూర్తిగా తాగి, లేచింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“సార్, మీ పటం ఎడమ పక్కకి అర సెంటీమీటరు దిగింది. ఎవరినైనా చూసుకోమనండి.”

ఆటోలో మరదలు ఏడుపు ఆపుకోలేకపోయింది. వదిన మాత్రం పాప టోపీ సర్దుతూ, వాడికి జనరేటర్ అంటే ఏంటో నేనే చెప్పా, అంది.

పని చేయించుకున్నవారు కూడా సంతకం పెట్టవచ్చన్న నియమం ఉంది కదా అని మర్నాడు ఇద్దరూ రక్త పరీక్షల ల్యాబుకు వెళ్లారు. అప్పుడు మండిపడిన డాక్టరమ్మే ఇంకా హెడ్డు. వచ్చే ఏడు రిటైరవుతుందట. కాగితం చదివి వెంటనే సంతకం పెట్టింది. పెట్టి, కింద ఖాళీ చోట తన చేతిరాతతో ఒక వాక్యం చేర్చింది: ఈమె నాతో రెండుసార్లు కుదరదని చెప్పింది, రెండుసార్లూ ఈమె చెప్పిందే సరైంది. ఆ తొమ్మిది నెలలూ దక్కాయి. పాఠశాల మాత్రం మూతపడింది, అప్పటి హెడ్మాస్టరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. ఆ అయిదు నెలలూ పోయినట్టే. అరవై ఆరులో అయిదు పోతే అరవై ఒకటి. అయినా చాలు.

చాలదని ఆ సంస్థ చెప్పింది. సంతకం చేసేవాళ్లు మారారు, ఒక ప్రాజెక్టు తీసేశారు, కాబట్టి పాత దరఖాస్తు వెనక్కి తీసుకుని కొత్తది పెట్టుకోవాలి. కొత్త దరఖాస్తు అంటే కొత్త తేదీ. కొత్త తేదీ నుంచి వెనక్కి ఎనిమిదేళ్లు.

మరదలు గోడమీది కాగితం దగ్గరకు వెళ్లి నిలబడింది. కొత్తగా గీసిన రెండు తెల్ల గళ్లను కలుపుకుంటే, వెనక చివర నుంచి రెండు గళ్లు కొట్టేయాలి. ఆ రెండూ ఆకుపచ్చవి. వేలు పెట్టి లెక్కపెట్టింది. యాభై తొమ్మిది. కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టింది. యాభై తొమ్మిది. భర్తను పిలిచి లెక్కపెట్టమంది. అతను పైకి గట్టిగా అంకెలు చదువుతూ యాభై తొమ్మిది దగ్గర ఆగి, ఇంకో గడి ఎక్కడైనా దాక్కుందేమోనన్నట్టు కాగితం అంచు ఎత్తి చూశాడు.

ఒక్క నెల. ఒకడు కళ్లజోడు మరిచిపోయిన నెల.

ఆ సంస్థకు మూడు ఉత్తరాలు రాసింది మరదలు. ఆలస్యం మా తప్పు కాదని, మొదటి తేదీనే లెక్కలోకి తీసుకోమని. మూడింటికీ ఒకటే జవాబు, మక్కీకి మక్కీ, కింద నియమం నంబరుతో. గోడకు చెప్పుకున్నా కొంచెం ప్రతిధ్వని వచ్చేది. పెద్దాయన ఇచ్చిన మూడు నెలలూ నిండిపోయాయి. పెద్ద ఆసుపత్రి ప్రాజెక్టుకు ఇన్‌ఛార్జిగా టై పేరు వెళ్లింది. ఆ సంగతి వదిన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ చెప్పింది, కూర ఏం చేశావన్నంత మామూలుగా. కాళ్లు కడుక్కుని వచ్చి గోడ ముందు కుర్చీ వేసుకుంది.

మరదలు ఓదార్పుగా, పోనీ వదినా, ఇంకో నెల పని చేస్తే అరవై అవుతుంది కదా అంది. అని, చెప్పిన మాట తనకే తప్పుగా వినిపించి లెక్క చూసింది. ముందు ఒక గడి చేరితే వెనక ఒక గడి రాలుతుంది. వెనక ఉన్నవి ఇంకా నాలుగు ఆకుపచ్చవి. అంటే ఇంకో నాలుగు నెలలు గానుగెద్దులా తిరిగినా యాభై తొమ్మిది దగ్గరే ఉంటుంది. ఆమెకు ఆ కాగితం చించి పారేయాలనిపించింది.

వదిన లేచి, టేపు పెట్టే సంచిలోంచి పెన్సిల్ తీసి, ఆ నాలుగు గళ్ల తరవాత ఉన్న తెల్ల గళ్ల మీద ఒక్కొక్కటే చుక్క పెట్టింది. ఏడు.

“ఇవి నాన్న మంచంలో ఉన్న నెలలు,” అంది. “అప్పుడు తమ్ముడికి పరీక్షలు. నేనే సెలవు పెట్టి నాన్నని చూసుకున్నా.”

మరదలికి మెల్లగా అర్థమైంది. నాలుగు నెలలయ్యాక వెనక రాలేవి ఆ తెల్లగళ్లు. అవి రాలితే పోయేదేమీ లేదు. అయిదో నెలలో ముందు చేరే గడి మిగులుతుంది. అరవై అవుతుంది. ఏ పెట్టెలోనూ రాయడానికి పనికిరాని ఆ ఏడు నెలలే ఇప్పుడు వదినను అరవైకి ఎక్కిస్తాయి.

“వీటికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు,” అంది వదిన. పెన్సిల్ సంచిలో వేసుకుంది.

అయితే ముందు చేరే గళ్లకు రంగు పడాలి. మళ్లీ ఎవడో వచ్చి చేసింది నేను అనకూడదు. ఆ ఆదివారం మరదలి చేత ఒక్క పేజీ ఉత్తరం టైపు చేయించింది వదిన. పెద్ద ఆసుపత్రి పనిలో శీతల గదులూ ఫ్రీజర్లూ తరలించే భాగం ఫలానా తేదీ నుంచి ఈమె నడిపిస్తుంది. ఆ భాగంలో నిర్ణయాలు ఈమెవి. అవసరమైతే పని ఆపే అధికారం ఈమెది. కింద పెద్దాయనకు ఒక గీత, టైకి ఒక గీత.

సోమవారం జరిగింది వదిన చెబితే ఇంట్లో అందరూ విన్నారు. పెద్దాయన కొంచెం గొణిగి పెట్టేశాడు. టై కాగితం చూసి మొహమాటంగా నవ్వి, మన మధ్య ఇవన్నీ ఎందుకక్కా, మీరు చూసుకుంటారుగా అన్నాడట.

“చూసుకోను. చేస్తాను. ముందు సంతకం పెట్టు నాయనా, తరవాత నీ టై సర్దుకుందువుగాని,” అందట వదిన.

పెట్టాడు. ఆ తరవాతే ఆమె సంచిలోంచి టేపు బయటికి తీసింది.

ఇప్పటికి మూడు నెలలయింది. గోడ మీద ముందు మూడు పచ్చ గళ్లు చేరాయి, వెనక మూడు కొట్టివేతలు పడ్డాయి. వదిన ఇంకా యాభై తొమ్మిది దగ్గరే ఉంది. ఫోన్ మోగినప్పుడల్లా, పెద్దాయన పని ఎక్కడ మధ్యలో ఆపేస్తాడోనని ఆమెకన్నా మరదలికే ఎక్కువ భయం. పాత మేనేజర్ పటం ఎవరైనా సరిచేశారా లేదా అని తమ్ముడు అప్పుడప్పుడూ అడుగుతాడు. వదిన నవ్వదు.

మరదలి సెలవు పూర్తయి నీటి పరీక్షల ల్యాబుకు బయల్దేరిన రోజున, ఆ రోజుకు సెలవు పెట్టిన వదిన పాపను చంకనేసుకుని గుమ్మం దాకా వచ్చింది. పాప కోసం రాసిపెట్టిన రెండు పేజీల సూచనలు చదివి, ఇందులో ఊపిరి ఎప్పుడు పీల్చుకోవాలో రాయలేదే అని ఎత్తిపొడిచింది. తరవాత గొంతు తగ్గించింది.

“ఒక్క మాట మరదలా. సంతకం పని అయ్యాక అడగకు, మొదలయ్యే రోజునే తీసుకో. అయ్యాక అందరికీ మరుపొస్తుంది. మొదటి రోజు మాత్రం అందరికీ నీతో అవసరముంటుంది.”

ఆ మధ్యాహ్నమే సెక్షన్ హెడ్డు మరదలి బల్ల దగ్గరకు వచ్చాడు. కొత్త యంత్రం వస్తోంది, పెట్టించి నడిపించే దాకా కొంచెం చూసుకోమ్మా అన్నాడు. సరేనండి అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపింది. సొరుగులోంచి తెల్ల కాగితం తీసి, పైన తేదీ వేసి, నేను అని మొదలుపెట్టి మూడు వాక్యాలు రాసి, కింద గీత గీసి, ఆయన వైపు తిప్పి పెన్ను ఇచ్చింది. ఆయన పెన్ను పట్టుకుని ఆమెను వింతగా చూశాడు. అయినా ఆయన సంతకం పెట్టేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.